యూ అని తెచ్చిన దడి: సెమిలిగుడ పెరటి డైరీ

2022 జూన్ 12

సునాబెడా కర్మాగారంలో ముప్ఫై నాలుగేళ్లు ఫిట్టరుగా పనిచేసి, విశ్రాంత జీవితానికని ఒడిశా కొండల్లోని సెమిలిగుడలో కట్టుకున్న ఈ ఇంటికి మూడు వైపుల గోడ ఉంది గానీ రోడ్డు వైపు మాత్రం లేదు. అక్కడ పన్నెండు మీటర్ల మేర గోడ కట్టించమని మా ఆవిడ, పచ్చని దడి పెంచుతానని నేను రెండేళ్లుగా వాదించుకుంటున్నాము. ఈ వానాకాలంతో ఆ వాదన ముగించాలని నిశ్చయించి, దడికి యూ (yew) అనే, ఏడాదంతా పచ్చగా ఉండే సన్నాకుల మొక్కను ఎంచుకున్నాను.

యూ మీద ఈ పట్టుదల ఎందుకో కూడా రాసిపెట్టుకోవాలి. మూడేళ్ల క్రితం విశాఖపట్నంలో మా అక్కకు అండాశయ క్యాన్సరుకు చికిత్స జరిగినప్పుడు, మంచం పక్కన కూర్చుని, గంటల తరబడి చుక్కచుక్కగా ఎక్కుతున్న సీసా మీద పాక్లిటాక్సెల్ అన్న పేరు పదే పదే చదివాను. ఆ మందు యూ చెట్టు నుంచి వచ్చిందని తరువాత తెలిసింది. 1962లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ బార్‌క్లే వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో పసిఫిక్ యూ బెరడును సేకరించగా, మన్రో వాల్, మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టిన మన్సుఖ్ వానీ కలిసి ఆ బెరడులోంచి మందు పదార్థాన్ని విడదీసి, దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. అండాశయ క్యాన్సరుకు వాడుకునేందుకు అమెరికాలో 1992లో అనుమతి వచ్చింది. బెరడు ఒలిస్తే చెట్టు చస్తుంది కనుక, తరువాతి కాలంలో ఐరోపా యూ ఆకుల నుంచి తీసిన పదార్థాన్ని మార్చి అదే మందును తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. ఇంతటి చెట్టు ఇంటి ముందు వరుసగా నిలబడితే బాగుంటుందని అనిపించింది. అంతకు మించిన కారణమేమీ లేదు.

మైదానంలోని ఒక నర్సరీకి ఫోనులో చెప్పి మొక్కలు తెప్పించాను. అరవై సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పన్నెండు మీటర్లలో ఇరవై ఖాళీలు వస్తాయి, మొక్కలు మాత్రం ఇరవై ఒకటి కావాలి. ఇరవై మాత్రమే పంపబోయిన కుర్రవాడికి ఈ లెక్క ఫోనులో రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. సాలూరు ఘాటు మీదుగా వచ్చిన లారీలో ఒక్కొక్కటి అడుగున్నర ఎత్తున, నల్ల పాలిథిన్ సంచుల్లో దిగాయి. బిల్లు మీద "యూ" అని ఉంది.

2022 జూన్ 26

నలభై అయిదు సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతుతో కందకం తవ్వించాను. మాది ఎర్ర నేల. పైన ఒక అడుగు మెత్తగా దిగింది గానీ, కింద రాతిగుండు లాంటి గట్టి కంకర తగిలి గునపం ఖంగుమంది. కూలికి వచ్చిన ఇద్దరూ అక్కడితో చాలన్నారు. చాలదని నేను పట్టుబట్టి తవ్వించినా, తూర్పు కొసన, గేటు దగ్గర, చివరి మూడు మొక్కల చోట మాత్రం చీకటి పడిపోవడంతో అడుగు లోతుకే వదిలేశాము. స్థలం పడమర నుంచి తూర్పుకు వాలి ఉన్న సంగతి అప్పుడే ఆలోచించి ఉండవలసింది.

తవ్విన మట్టికి మూడో వంతు మాగిన గత్తం, కొంచెం ఇసుక, చెదలు పట్టకుండా వేపపిండి కలిపి నింపి, మొక్కలను సంచిలో ఉన్న లోతులోనే నాటాము. మొదళ్ల చుట్టూ సిల్వర్ ఓక్ ఆకులు పరిచాము. కాఫీ తోటల పుణ్యమా అని అవి ఇక్కడ ఎవరి పెరట్లోనైనా దొరుకుతాయి.

యూ విషపు చెట్టని చదివి ఉన్నందున, ఇంట్లో అందరికీ ముందుగానే జాగ్రత్తలు చెప్పాను. ఆకు, బెరడు, గింజ అన్నీ విషమే. గింజ చుట్టూ గిన్నెలా ఉండే ఎర్రని కండ ఒక్కటే విషం కాదు. పక్షులు ఆ కండను తిని గింజను నలగకుండా విసర్జిస్తాయి కనుక బతికిపోతాయి. టాక్సీన్ (taxine) అనే ఆ విషం నేరుగా గుండె మీద పనిచేస్తుంది. పశువుల విషయంలో చాలాసార్లు జబ్బు లక్షణాలేవీ కనబడకముందే ప్రాణం పోతుంది. కత్తిరించిన కొమ్మలు ఎండినా విషం తగ్గదు కనుక, వాటిని కంచె అవతలికి విసరకూడదు. అందుకని పెరటి మూల ఒక గొయ్యి తవ్వించి, దానికి రేకు మూత కూడా పెట్టించాను.

2022 ఆగస్టు 7

ఈరోజు జరిగినది వివరంగా రాయాలి. దిగువ ఊరి నుంచి రోజూ మా వీధి మీదుగా మేకలను తోలుకువెళ్లే ముసలాయన గేటు దగ్గర ఆగి, "బాబూ, ఈ ఆకు మేకలు తినవచ్చునా?" అని దేశియాలో, అంటే ఇక్కడి ఒడియా యాసలో, అడిగాడు. తినకూడదనీ, పిడికెడు తిన్నా చస్తాయనీ నేను కంగారుగా చెప్పాను. ఆయన కొంతసేపు ఆలోచించి, నిన్న సాయంత్రం తన మేకల్లో రెండు కలిసి నాలుగు మొక్కల చిగుళ్లు మేసేశాయనీ, తాను అదిలించేలోపే కడుపు నింపుకున్నాయనీ చెప్పి, వాటిని వేలితో చూపించాడు. రెండూ రోడ్డు అవతల పొద మీద ముందుకాళ్లు మోపి హాయిగా మేస్తున్నాయి.

వెళ్లి చూస్తే పదకొండు నుంచి పద్నాలుగు దాకా మొక్కల తలలు నిజంగానే లేవు. ముందుగా భయం కలిగింది, ఆ వెనుకే అనుమానం వచ్చింది. మేక బతికిపోవడం మొక్కను గుర్తించే పరీక్ష కాదు. తిన్న మోతాదు తక్కువైనా బతకవచ్చు, ఒక మేకకు పట్టినట్టు ఇంకొక మేకకు పట్టకపోవచ్చు. అయినా చిగుళ్లన్నీ తిని ఒక పగలు, ఒక రాత్రి గడిచినా ఏమీ కాలేదంటే, నేను నాటినదేమిటో నాకే తెలియదని ఒప్పుకోవలసి వచ్చింది. బిల్లు మీది మాటను తప్ప నేను ఇంతవరకు ఆకును చూడనే లేదు.

2022 సెప్టెంబరు 4

నెల రోజులుగా సాయంత్రాలు దీనికే ఖర్చయ్యాయి. పాత పెట్టెలోంచి వెర్నియర్ కాలిపర్ తీసి, అయిదు మొక్కల నుంచి పదేసి ఆకుల చొప్పున కొలిచాను. ముదురు ఆకు పొడవు అయిదు నుంచి ఏడు సెంటీమీటర్లు, వెడల్పు ఆరు మిల్లీమీటర్ల పైన వచ్చింది. యూ ఆకు ఒకటి నుంచి మూడు, మహా అయితే నాలుగు సెంటీమీటర్ల పొడవు, రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటుంది. ఈ ఒక్క కొలతతోనే తీర్పు ఇవ్వవచ్చు గానీ, ఒక్క కొలత మీద యంత్రభాగాన్ని పాస్ చేసే అలవాటు నాకు ఉద్యోగంలోనే లేదు.

రెండవది ఆకుల అమరిక. యూ పక్క కొమ్మల మీద ఆకులు పుట్టడం కొమ్మ చుట్టూ మెలికగానే పుట్టినా, మొదట్లో కాడ మెలితిరిగి, దువ్వెన పళ్లలా రెండు వైపులకు పరుచుకుంటాయి. నిలువుగా లేచే కొమ్మ మీద మాత్రం చుట్టూరా ఉంటాయి కనుక, చూడవలసింది పక్క కొమ్మనే. నా మొక్కల్లో ఏ కొమ్మ చూసినా ఆకులు చుట్టూరా గుబురుగా, సీసాలు కడిగే బ్రష్‌లా ఉన్నాయి.

మూడవది ఆకు అడుగు భాగం. యూ ఆకు పైన ముదురు ఆకుపచ్చగా, కింద లేత పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉండి, నడి ఈనెకు అటూ ఇటూ రెండు లేత పట్టీలు కనిపిస్తాయి. అంతేకాక ఆకు కాడ కొమ్మను తాకిన చోట ఆగిపోకుండా, పచ్చని గీతలా కొమ్మ వెంట కిందికి జారుతుంది. దీనివల్ల లేత కొమ్మ గాడులు తీసినట్టుగా ఉంటుంది. ఇది చేత్తో తడిమి కూడా తెలుసుకోగల గుర్తు. వాసన కూడా ఒక గుర్తే. యూ ఆకులో గానీ కట్టెలో గానీ జిగురు ఉండదు, నలిపితే దేవదారు జాతుల ఘాటు వాసన రాదు. నా మొక్కల ఆకులకూ ఆ వాసన లేదు కనుక, ఈ పరీక్ష నాకు ఏమీ తేల్చలేదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణం ఎంత నిజమైనా గుర్తింపుకు పనికిరాదన్న సంగతిని ఇక్కడే రాసి కింద గీత గీస్తున్నాను.

అన్నీ సరిపోల్చి చూస్తే ఇది పోడోకార్పస్ మాక్రోఫిల్లస్ అనీ, అందులోనూ మాకీ అనే చిన్న ఆకు రకమనీ తేలింది. ఇది జపాన్, దక్షిణ చైనా ప్రాంతాల మొక్క. దీనిని జపానులోని చిబా రాష్ట్రం తన అధికారిక వృక్షంగా పెట్టుకుంది. గింజ కింద ఎర్రగా, ఊదాగా ఉబ్బిన కండ, దాని మీద ఆకుపచ్చని గింజ కూర్చున్న తీరు బోడిగుండు సన్యాసిలా కనబడుతుందని చైనా వారు దీనిని అర్హంతుల (జ్ఞానసిద్ధి పొందిన బౌద్ధ సన్యాసుల) పైన్ అని పిలుస్తారు. ఇంగ్లీషు వాడుకలో దీనికి యూ పైన్ అన్న పేరు కూడా ఉంది. నర్సరీకి ఫోను చేసి అడిగితే, పోడోకార్పస్ అంటే కొనేవాళ్లకు నోరు తిరగడం లేదనీ, యూ పైన్ అని రాసే చోట పైన్ రాయడం మానేశామనీ ఎంతో సహజంగా చెప్పారు. కోపం వచ్చిన మాట నిజమే గానీ, పేరు అడిగి ఆకు చూడనివాడిని నేనే.

దక్షిణ భారతానికి సొంతమైన సూచీపర్ణ జాతి, అంటే పైన్, దేవదారుల వర్గపు చెట్టు, ఒక్కటే ఉంది. అది పడమటి కనుమల అడవుల్లో పెరిగే నాజియా వాలిచియానా, ఈ పోడోకార్పస్ కుటుంబానిదే. మా పెరట్లో దిగింది యూ కాకపోయినా, మన వైపుకు యూ కన్నా దగ్గరి చుట్టమే దిగిందని మా ఆవిడకు చెప్పాను. "గోడ అయితే ఈ బంధుత్వాలు వెతకనక్కర లేకపోయేది" అని ఆమె జవాబు.

2022 నవంబరు 20

దడిని పీకకుండా ఉంచేయాలని నిర్ణయించాను. అసలు యూను ఇక్కడ వరుసగా పెంచాలన్న ఆలోచనే తప్పని ఈలోగా అర్థమైంది. హిమాలయాల్లో యూ సుమారు 1,800 నుంచి 3,300 మీటర్ల ఎత్తున, పెద్ద చెట్ల నీడలో, చల్లని తేమలో పెరుగుతుంది. సెమిలిగుడ సుమారు 900 మీటర్లు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన మా దేవమాలి కొండ శిఖరం కూడా 1,672 మీటర్లే. మాకు చలి లేదని కాదు, డిసెంబరు తెల్లవారుజామున చేతి వేళ్లు కొంకర్లు పోతాయి. అయితే ఆ చలి కొన్ని వారాలదే. ఏప్రిల్, మే నెలల ఎండ, ఆపైన నాలుగు నెలల ముసురు యూకు పడేవి కావు.

మేకల ముసలాయనకు సంగతి చెప్పాను. ఇది యూ అంత ప్రమాదకరం కాదు గానీ, దీని గింజలు, ఆకులు తిన్నా వాంతులు పట్టుకోవచ్చు కనుక, మేపుకు ఇచ్చే ఆకుగా దీనిని లెక్కవేసుకోవద్దని కూడా చెప్పాను. గొయ్యి మీది రేకు మూతను మాత్రం తీయలేదు.

గుర్తింపు పిచ్చి ముదిరి ఇంకొక పని కూడా చేశాను. మా అమ్మ దగ్గుకు తేనెతో రంగరించి పెట్టిన తాళీసాది చూర్ణం గుర్తొచ్చి, తాళీసపత్రి పేరుతో ఆకులు అమ్మే మూలికల కొట్టు నుంచి ఒక పొట్లం తెచ్చాను. ఈ ఒక్క పేరు మీద హిమాలయాల ఫర్ చెట్టు ఆకు, యూ ఆకు, దక్షిణాదిన ఫ్లాకోర్షియా ఆకు కూడా చెలామణీలో ఉన్నాయి. గోరువెచ్చని నీటిలో నానబెట్టి చూస్తే సన్నని ఆకులు, కొన చీలి రెండుగా ఉంది, అడుగున రెండు తెల్లని పట్టీలు ఉన్నాయి, నలిపితే జిగురు వాసన వచ్చింది. యూ ఆకు కొన చీలదు, సన్నగా మొనదేలి ఉంటుంది. కాబట్టి నా పొట్లంలోది ఫర్ ఆకు. అయినప్పటికీ పక్క పొట్లంలో ఏమి ఉందో చెప్పలేము కనుక, ఈ పేరుతో దొరికే ఎండుటాకును ఇంట్లో సొంతంగా కషాయం కాచుకునే సాహసం ఎవరూ చేయకూడదని నా అభిప్రాయం.

2023 జనవరి 22

డెహ్రాడూన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు పండుగకు వస్తూ, అక్కడి కొండ నర్సరీలో కొమ్మ నుంచి పెంచిన అసలైన హిమాలయ యూ మొక్కను ఒకదానిని కుండీతో సహా తెచ్చాడు. గఢ్వాల్‌లో దీనిని థునేర్ అంటారట. బెరడు కోసం, ఆకు కోసం విచ్చలవిడిగా నరికినందువల్ల అడవిలో ఈ జాతి అంతరించే ప్రమాదంలో ఉంది, అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు కూడా ఉన్నాయి. అందువల్ల అడవి నుంచి పీకినది కాదని బిల్లు చూసిన తరువాతే పుచ్చుకున్నాను.

రెండు కొమ్మలను తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టినప్పుడు, ఇన్ని నెలలు పుస్తకాల్లో చదివినదంతా ఒక్క నిమిషంలో కళ్లకు కట్టింది. యూ ఆకు పొడవు రెండున్నర సెంటీమీటర్లు, వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు. రెండు వరుసల దువ్వెన అమరిక, కొమ్మ మీద జారే పచ్చని గీతలు, అడుగున లేత పట్టీలు, అన్నీ ఉన్నాయి. పక్కన పోడోకార్పస్ ఆకు దానికి అన్నగారిలా, నడి ఈనె ఉబ్బెత్తుగా, బొద్దుగా ఉంది. ఒక్కసారి రెండూ కలిపి చూసినవాడు జన్మలో పొరబడడు, ఒక్కటే చూసినవాడు నాలాగే పొరబడతాడు. యూ కుండీని పశువులకు, పిల్లలకు అందకుండా మేడ మీద, ఉత్తరపు నీడలో ఉంచాను.

2023 ఆగస్టు 27

యూ చనిపోయింది. మే నెలలో షేడ్‌నెట్ కింద పెట్టి, రోజుకు రెండు పూటలా నీరు చల్లి ఎండను దాటించాను. అప్పుడు కొన్ని ఆకుల కొనలు మాడినా, ప్రాణం నిలిచింది. దానిని చంపింది వాన. జులై ముసురులో కుండీ మట్టి పదిహేను రోజులు ఆరలేదు. ఆకులు ముందు కాంతి తగ్గి, తరువాత పసుపు తిరిగి, చివరకు ఇటుక రంగుకు వచ్చాయి. కుండీ బోర్లించి చూస్తే వేళ్లు నల్లగా, పై తోలు చేత్తో లాగితే ఊడివచ్చేలా కుళ్లి ఉన్నాయి. నీరు నిలిస్తే యూ బతకదని అంతటా రాసే ఉంది. కుండీ రంధ్రం కింద అడ్డుపడిన పెంకును నేను చూసుకోలేదు. ఒక కొమ్మను పాత పంచాంగం పేజీల మధ్య అదిమి ఉంచాను. అది ఎండినా విషమే కనుక పంచాంగాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ అనుభవంతో దడి వైపు వెళ్లి చూస్తే, గేటు దగ్గరి చివరి మూడు మొక్కలూ అదే దారిన ఉన్నాయి. కందకం లోతు తగ్గించిన చోటే పైనుంచి జారిన నీరంతా నిలుస్తోంది. రెండు పూర్తిగా పోయాయి, ఒకటి సగం బతికి ఉంది.

2023 సెప్టెంబరు 17

చనిపోయిన వాటి చోటికి మళ్లీ కొనకుండా, బతికిన మొక్కల నుంచే కొమ్మలు తీసి పెంచాలని మొదలుపెట్టాను. ఈ ఏడాది చిగురు కాస్త ముదిరి, వంచితే విరగకుండా వంగే దశలో ఉన్న కొమ్మలను పన్నెండు సెంటీమీటర్లకు కోసి, కింది సగం ఆకులు తీసేసి, మొదలును వేరు పుట్టించే హార్మోను పొడిలో ముంచి, సమానంగా కలిపిన ఇసుక, కొబ్బరి పొట్టులో ముప్ఫై గుచ్చాను. పైన పాలిథిన్ కప్పి, మామిడి చెట్టు నీడలో పెట్టాను. యూను కూడా నర్సరీల్లో ఎక్కువగా ఇలాగే కొమ్మల నుంచి పెంచుతారు. దాని గింజ నిద్ర లేవాలంటే వెచ్చదనం, ఆ తరువాత చలి, ఈ రెండూ వరుసగా గడవాలి కనుక ఏడాదికి మించే పట్టవచ్చు.

గేటు వైపు కందకాన్ని మళ్లీ తవ్వించి, ఈసారి కంకర పొర పగిలేదాకా గునపం దింపించి, నీరు రోడ్డు కాలువలోకి పోయేలా వాలుగా చిల్లుల పైపు వేయించాను. మట్టిని కూడా నేల మట్టానికి జానెడు ఎత్తున దిబ్బగా పోయించాను.

2023 డిసెంబరు 24

మూడు నెలలకు పాలిథిన్ తీసి మెల్లగా లాగి చూశాను. ముప్ఫైలో పదకొండుకు వేళ్లు వచ్చాయి. మిగిలిన వాటిలో కొన్ని పచ్చగానే ఉండి మోసం చేశాయి. లాగితే వేరు లేదు, మొదలు దగ్గర కణితి మాత్రం కట్టింది. వాటిని మళ్లీ గుచ్చాను.

2024 జులై 14

మొదటి అసలు కత్తిరింపు ఈ వారం జరిగింది. వరుసకు రెండు కొసలా వెదురు పాతి, నడుము ఎత్తున దారం కట్టి, దారం దాటిన కొమ్మలను మాత్రమే కోశాము. దడి పై భాగం సన్నగా, కింది భాగం కొంచెం వెడల్పుగా ఉంటే కింది కొమ్మలకు వెలుతురు అంది, మొదళ్లు బోడిగా మిగలవు. పాత కట్టె దాకా నరికినా మళ్లీ చిగురించే శక్తి సూచీపర్ణ జాతుల్లో చాలా కొద్దిటికే ఉంది, యూ అందులో ముఖ్యమైనది. పోడోకార్పస్ కూడా కత్తిరింపును బాగానే తట్టుకుంటుంది గానీ ఎదుగుదల నిదానం. మా మొక్కలు ఏడాదికి జానెడుకు మించి పెరగలేదు. అందుకని ఒకేసారి లోతుగా కోసే ధైర్యం చేయలేదు.

లేత చిగుళ్ల మీద బూడిద రంగు పొడి చల్లినట్టుగా పేనుబంక పట్టింది. చీమలు వరుస కట్టడం చూసి ముందుగా పిండినల్లి అనుకున్నాను, భూతద్దంతో చూస్తే కదులుతున్నాయి. ఆ చిగుళ్లను కోసి, మిగిలిన వాటి మీద సబ్బు నీరు మూడు రోజులకొకసారి కొట్టించాను. మూడో విడతకు తగ్గింది.

2024 నవంబరు 10

వేళ్లు పట్టిన పదకొండింటిలో ఇప్పటికి తొమ్మిది నిలిచాయి. వాటిలో రెండింటిని గేటు దగ్గర ఖాళీల్లో నాటాను. దిబ్బ మీద నాటడం వల్ల ఈ వానాకాలం చివరి ముసురులో కూడా వాటి మొదట్లో నీరు నిలవలేదు. సగం బతికిన మొక్క మాత్రం ఇంకా ఒక వైపే చిగురిస్తోంది. ఈ చలి గడిచేదాకా చూసి, అప్పటికీ రెండో వైపు కదలకపోతే మార్చేస్తాను.

అక్క విజయనగరం నుంచి వచ్చి నాలుగు రోజులు ఉంది. మొదటి రోజు సాయంత్రమే దడి వెంట నడిచి, "ఒరే తమ్ముడూ, నా మందు చెట్టు ఇదేనా?" అని అడిగింది. కాదని చెప్పి, బీరువాలోంచి పంచాంగం తెచ్చి, చేత్తో ముట్టుకోకుండా ఆ ఎండు కొమ్మను చూపించాను. ఆమె కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, ఇంత చిన్న ఆకా అంది. దడిలోంచి ఒక ఆకు తుంచి పక్కన పెట్టి చూపించాను. పదకొండో మొక్క నుంచి పద్నాలుగో మొక్క దాకా దడి దారం కన్నా బెత్తెడు తక్కువగా ఎందుకు ఉందని ఆమె అడిగితే, మేకల కథ మొదటి నుంచి చెప్పాను.